నాంపల్లి నేల నడక

నాంపల్లి రైల్వే స్టేషన్‌ను 1907లో కట్టారు. ఆనాడు భూగోళం మీద ఎక్కడ ఉందో ఇవాళ అది సరిగ్గా అక్కడ లేదు. సుమారు ఆరు మీటర్లు ఈశాన్యంగా జరిగింది. దానికి దగ్గర్లోనే 1935లో లేచిన మొజంజాహి మార్కెట్ నాలుగున్నర మీటర్లకు పైగా జరిగింది. 1591 నాటి చార్మినార్ ఇరవై మీటర్లు దాటి వచ్చేసింది. అయినా పట్టాలు వంకర పోలేదు, మార్కెట్ గడియార స్తంభం ఒరగలేదు. స్టేషనూ, మార్కెట్టూ, ఆబిడ్స్ చౌరస్తా, వాటితోపాటు కన్యాకుమారి నుంచి హిమాలయాల పాదాల దాకా ఉన్న నేలంతా ఒకే తెప్ప మీద కదులుతున్నాయి.

ఇది ఊహ కాదు, కొలత. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆవరణలో ఒక జీపీఎస్ కేంద్రం ఉంది. ఇరవై ఏళ్లకు పైగా అది రాత్రింబవళ్లు ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటూ తాను ఎక్కడున్నదీ లెక్క రాసుకుంటోంది. ఆ లెక్క ప్రకారం హైదరాబాద్ ఏటా తూర్పుకు సుమారు నాలుగు సెంటీమీటర్లు, ఉత్తరానికి దాదాపు మూడున్నర సెంటీమీటర్లు జరుగుతోంది. రెండూ కలిపితే ఈశాన్య దిశగా ఏడాదికి ఐదు సెంటీమీటర్ల పైచిలుకు. స్టేషన్‌కైనా చార్మినార్‌కైనా చెప్పిన దూరాలు ఈ వేగం మీద కట్టిన లెక్కలే.

నేల నడుస్తోందని ఇప్పుడు ఎవరూ కాదనరు. దాన్ని నడిపిస్తున్నది ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇంకా పూర్తిగా తెగలేదు. భారత ఫలకం ఒకప్పుడు ఏటా 18 నుంచి 20 సెంటీమీటర్ల దాకా పరుగెత్తింది. తక్కిన ఖండాలు అంత వేగం ఎరగవు. ఆ పరుగుకు బలం ఎక్కడిది? ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులను బేరీజు వేయాలంటే ముందు కాళ్ల కింద ఏముందో చూడాలి.

ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారం పాత పుస్తకాల రాశుల్లో భూగోళశాస్త్రం వాచకాలు తరచూ కనిపిస్తాయి. అన్నింట్లోనూ ఒకే బొమ్మ: కోడిగుడ్డును అడ్డంగా కోసినట్టు భూమి. పైన పెంకు, లోపల తెల్లసొన, నడుమ పచ్చసొన. బొమ్మ తప్పు కాదు కానీ అది పిల్లల మనసులో ఒక పొరపాటు నాటుతుంది. పెంకు కింద అంతా కుతకుత ఉడికే ద్రవమనీ, ఖండాలు దాని మీద తేలుతున్నాయనీ చదివినవాళ్లలో చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఖండాల కింద భూపటలం మందం సుమారు 30 నుంచి 50 కిలోమీటర్లు, సముద్రాల కింద ఆరేడు కిలోమీటర్లు. దాని కింద 2,890 కిలోమీటర్ల లోతు దాకా ఉన్న ప్రావారం దాదాపుగా ఘనపదార్థమే. అక్కడి నుంచి 5,150 కిలోమీటర్ల దాకా ఉన్న బాహ్య కేంద్రమండలం ఒక్కటే నిజమైన ద్రవం, కరిగిన ఇనుము, నికెల్. 6,371 కిలోమీటర్ల లోతున ఉన్న నడిబిందువు దగ్గర వేడి ఐదు వేల డిగ్రీల సెల్సియస్‌కు మించినా, ఒత్తిడి వల్ల ఇనుము మళ్లీ గడ్డకట్టి ఉంటుంది.

ఘనపదార్థం ఎలా ప్రవహిస్తుంది? మే నెల ఎండలో ఆబిడ్స్ తారు రోడ్డును గుర్తుచేసుకుంటే చాలు. వేలితో నొక్కితే తారు లోపలికి పోదు. అదే చోట స్కూటర్ పొద్దంతా నిలబడితే స్టాండు కింద గుంట పడుతుంది. తక్కువ బలమైనా ఎక్కువ సేపు పనిచేస్తే గట్టిదీ సాగుతుంది. ప్రావారం కూడా అంతే. భూకంప తరంగం వచ్చిన క్షణంలో అది ఉక్కులా ఎదురు నిలుస్తుంది. లక్షల ఏళ్ల లెక్కలో పాకంలా జారుతుంది.

ఇంత లోతు సంగతి ఎవరూ తవ్వి చూడలేదు. రష్యాలో కోలా ద్వీపకల్పం దగ్గర వేసిన బోరు 1989 నాటికి 12,262 మీటర్లకు చేరి అక్కడే ఆగింది. భూమి వ్యాసార్ధంలో అది వెయ్యింట రెండు వంతులు కూడా లేదు. మిగిలిన జ్ఞానమంతా భూకంపాలు పెట్టిన భిక్షే, అందులో మన దేశం వాటా పెద్దది. 1897 జూన్ 12న అస్సాంను కుదిపిన మహా భూకంపాన్ని భారత భూగర్భ సర్వే సంస్థ అధికారి రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ పరిశీలించారు. దూర దేశాల్లోని పరికరాలు రాసిన గీతల్లో ముందు వచ్చే తరంగం, వెనక వచ్చే తరంగం, ఉపరితలం వెంట పాకే తరంగం వేరువేరని ఆయన విడదీశారు. 1906లో అదే దారిలో ముందుకు వెళ్లి భూమి నడుమ వేరే గుణం గల గుండ్రటి కేంద్రం ఉందని చూపారు. 1909లో క్రొయేషియాలో మొహరోవిచిచ్ భూపటలానికీ ప్రావారానికీ మధ్య సరిహద్దు పట్టుకున్నారు. 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగె లేమన్ ద్రవ కేంద్రం లోపల ఘన కేంద్రాన్ని కనిపెట్టారు.

అంతకన్నా ముందే మరో జాడ ఈ నేల మీద దొరికింది. జార్జ్ ఎవరెస్ట్ 1818లో హైదరాబాద్‌లోనే మహా త్రికోణమితీయ సర్వే అధిపతి విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరి, తరవాత ఆ సర్వేను ఉత్తరానికి నడిపించారు. మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌కూ, హిమాలయాల దాపున ఉన్న కలియానాకూ నడుమ దూరాన్ని నేల మీద కొలిచి, నక్షత్రాలను చూసి లెక్కకట్టి సరిపోల్చితే ఐదు సెకన్ల పైచిలుకు కోణం తేడా వచ్చింది. హిమాలయాల బరువు వడంబాన్ని తన వైపు లాగుతోందని అనుకున్నారు. కలకత్తాలో మతాధికారిగా ఉన్న గణితవేత్త ప్రాట్ ఆ ఆకర్షణను లెక్కవేస్తే పదిహేను సెకన్ల పైన రావాలని తేలింది! అంత పెద్ద కొండలు లాగవలసినంత లాగడం లేదు. 1855లో బ్రిటన్ ఖగోళవేత్త ఎయిరీ దీనికి చెప్పిన కారణం నేటికీ నిలిచింది. నీటిలో తేలే మంచుగడ్డకు కింద ఎక్కువ భాగం మునిగి ఉన్నట్టు, కొండలకు కింద తేలికరాతి వేళ్లు లోతుగా దిగి ఉంటాయి. భూపటలం తన కింది బరువైన పొర మీద తేలుతోందన్న భావం ఒక సర్వే లెక్క తేడా నుంచి పుట్టింది. ఎయిరీ, ప్రాట్ పేర్లు విద్యార్థులు చదువుతారు కానీ, ఆ తేడాను పట్టుకున్న కొలతల్లో దక్కన్ వాటాను ఎవరూ చెప్పరు. అది చెప్పాలి.

కదిలేది ఒట్టి భూపటలం కాదు. దానికి అంటుకుని ప్రావారం పైభాగం కూడా గట్టి పలకగా కలిసి కదులుతుంది. దీన్ని శిలావరణం అంటారు. అది పెద్దవి ఏడు, చిన్నవి పదుల సంఖ్యలో ముక్కలుగా పగిలి ఉంది. అవే ఫలకాలు. వాటి చరిత్రను నాంపల్లి చుట్టుపక్కల నడిచి చదవవచ్చు.

మొదటి పుట నౌబత్ పహాడ్. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో 280 అడుగుల ఎత్తున ఉన్న ఈ గుట్ట గులాబీ, బూడిద రంగు గ్రానైటుతో ఏర్పడింది. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అప్పట్లో చిన్న చిన్న భూఖండాలు అతుక్కుని తూర్పు ధార్వార్ అనే దృఢమైన పునాది ఏర్పడుతున్నప్పుడు, నేల లోతుల్లో కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి ఈ గ్రానైటు అయింది. మీదున్న కిలోమీటర్ల మందం రాయి అరిగిపోయాక ఇది బయటపడింది. మొజంజాహి మార్కెట్ గోడలు కూడా గ్రానైటువే. ఫలకాల కదలిక భూమి మీద ఎప్పుడు మొదలైందన్న వాదులాటలో ఈ ధార్వార్ శిలలను సాక్ష్యానికి పిలుస్తూనే ఉంటారు. మూడు వందల కోట్ల ఏళ్లకు ముందే మొదలైందని కొందరు, నేటి తీరు కదలిక వంద కోట్ల ఏళ్ల కిందటిదేనని మరికొందరు అంటారు. ధార్వార్ గ్రానైట్ల రసాయన లక్షణాలు నేటి ఫలకాల అంచుల్లో పుట్టే శిలలను పోలి ఉండటం మొదటి వర్గానికి బలం.

అదే గుట్ట నెత్తిన 1976లో వెలిసిన బిర్లా మందిరం పాలరాయి రాజస్థాన్ నుంచి వచ్చింది. పాలరాయి పుట్టుకలో సున్నపురాయి. సముద్రం అడుగున పేరుకున్న సున్నం, ఆ సముద్రం మూసుకుపోయి నేలలు ఒకదానినొకటి నొక్కుకున్నప్పుడు వేడికీ ఒత్తిడికీ మారిపోయి పాలరాయి అవుతుంది. లోతుల్లో చల్లారిన గ్రానైటు మీద ఎన్నడో మూసుకుపోయిన సముద్రపు అడుగు నిలబడి ఉందన్నమాట. దర్శనానికి మెట్లెక్కే భక్తులు ఆ రెండింటినీ ఒకేసారి తాకుతున్నారు.

గుట్ట మీదే ఉన్న బిర్లా సైన్స్ మ్యూజియంలో ఇంకో పుట ఉంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు తవ్వి తీసిన ఎముకలతో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం అది. పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. జురాసిక్ కాలపు ఈ శాకాహారికి 1988లో పి. యాదగిరి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. ఒక తెలంగాణ పల్లె పేరు ప్రపంచ శాస్త్రంలో ఇలా నిలిచిపోయింది. దీనికి దగ్గరి పోలికలున్న ఆదిమ సారోపాడ్‌లు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోనూ దొరికాయి. జింబాబ్వేలో బయటపడిన వల్కనోడాన్ అలాంటిదే. సముద్రం ఈదే జంతువులు కావవి. మధ్యలో సముద్రం లేనప్పుడు తిరిగినవి.

రెడ్ హిల్స్‌లోని సింగరేణి భవన్‌ను ఈ కోణంలో ఎవరూ చూడరు. చూడాలి. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు పొరలు గుర్తించారు. తవ్వకాల కోసం 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది, 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. ఆ బొగ్గు గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారం ఆకుల చెట్ల అడవిది, పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. అవే ఆకుల శిలాజాలు ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉన్నాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి వెనుదిరిగి మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం చివరిదాకా లాక్కొచ్చిన 16 కిలోల రాళ్లలోనూ ఉన్నాయి. అంటార్కిటికాలో, ఇల్లెందులో ఒకే అడవి. ఆ బొగ్గు దాచుకున్న ప్రాణహిత-గోదావరి లోయ కూడా నేల సాగి, నిలువునా పగిలి, కుంగిన పగులులోయే. ఈ నేలలన్నీ ఒకటిగా ఉన్న ప్రాచీన మహాఖండానికి ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ స్యూస్ 1885లో గోండ్వానా అని పేరు పెట్టారు. గోండుల నేల పేరు అది.

స్యూస్ మాత్రం ఖండాలు కదిలాయనలేదు. నడుమ ఉన్న నేల కుంగి సముద్రమైందన్నారు. కదలిక మాటను 1912లో గట్టిగా అన్నది జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్. నడిపించే బలమేదని అడిగితే ఆయన దగ్గర సరైన జవాబు లేదు. 1930లో గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేనాటికి భూగర్భ పండితుల్లో ఎక్కువమంది ఆయనను నమ్మలేదు. మన దేశంలో పురావృక్ష శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1930లలో గ్లోసోప్టెరిస్ సాక్ష్యంతో వెగెనర్ సిద్ధాంతాన్ని చర్చకు పెట్టడం గుర్తుంచుకోదగ్గ సంగతి.

రాయి నోరు విప్పింది 1950లలో. లావా గడ్డకట్టేటప్పుడు అందులోని ఇనుప ఖనిజం ఆ చోటి భూ అయస్కాంత దిశను తనలో ముద్రించుకుంటుంది. దక్కన్ నల్లరాయిలో ఆ ముద్రను చదివిన క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ 1956లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, ఈ లావా పారినప్పుడు భారతదేశం భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. హైదరాబాదీలు సెలవులకు వెళ్లే వికారాబాద్ అనంతగిరి కొండల నల్లరాయీ, రాజమహేంద్రవరం దగ్గర కాటేరు క్వారీల రాయీ ఆ 6.6 కోట్ల ఏళ్ల నాటి లావావే. 1962లో హ్యారీ హెస్ సముద్రం నడుమ గట్ల దగ్గర కొత్త అడుగు పుడుతోందన్నారు. మరుసటి ఏడాది వైన్, మాథ్యూస్ దాన్ని అయస్కాంత చారలతో చూపారు. 1968 నాటికి ఫలకాల సిద్ధాంతం నిలదొక్కుకుంది. హిందూ మహాసముద్రం అడుగున ఉన్న ఆ చారలను చదివే 1971లో మెకెంజీ, స్క్లేటర్ భారత ఫలకం పరుగు వేగాన్ని పట్టుకున్నారు.

ఇక బలం సంగతి. మూడు వాదాలున్నాయి. కింద ప్రావారంలో వేడికి పైకి లేచి చల్లారి దిగే సంవహన ప్రవాహాలు ఫలకాలను మోసుకుపోతున్నాయన్నది పాత వాదం. వాచకాల్లో ఇప్పటికీ ఎక్కువగా ఉన్నది ఇదే. సముద్రం నడుమ గట్ల ఎత్తు నుంచి ఫలకం తన బరువుతోనే పక్కలకు జారుతోందన్నది రెండోది. మూడోది ఫలకాల నిమజ్జనం. పుట్టినచోటు నుంచి దూరం జరిగే కొద్దీ సముద్రపు ఫలకం చల్లారి బరువెక్కుతుంది. చివరికి పక్క ఫలకం అంచు కిందికి వంగి ప్రావారంలోకి దిగుతుంది. దిగిన కొస బరువుకు వెనకున్న ఫలకమంతా లాక్కుపోతుంది. పిట్టగోడ మీద ఆరేసిన తడి దుప్పటి బరువైన కొస వైపు మొత్తంగా జారిపోయినట్టు.

ఈ మూడింటిలో మూడోదే ప్రధానమని ఒప్పుకోవాలి. 1975లో ఫోర్సిత్, ఉయెదా చేసిన పోలిక నేటికీ చెక్కుచెదరలేదు. అంచులు మునుగుతున్న పసిఫిక్, నాజ్కా ఫలకాలు వేగంగా కదులుతాయి. మునిగే కొస లేని యూరేషియా, అంటార్కిటికా ఫలకాలది నెమ్మది నడక. కింది ప్రవాహమే ముఖ్యమైతే ఈ తేడా ఇంత స్పష్టంగా ఉండేది కాదు. వాచకాలు ఇప్పటికైనా ఈ మాట రాయాలి.

భారత ఫలకం విషయానికొస్తే లాగుడు ఒక్కటే చాలదు. సుమారు 13 కోట్ల ఏళ్ల క్రితం అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచీ, 9 కోట్ల ఏళ్ల క్రితం మడగాస్కర్ నుంచీ విడివడి ఉత్తరానికి బయలుదేరిన ఈ ఫలకం అందరికన్నా ఎందుకు వేగం పుంజుకుంది? 2007లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు జర్మన్ సహచరులతో కలిసి చెప్పిన జవాబు ఇది: గోండ్వానా నుంచి విడిపోయిన ఇతర ఖండాల శిలావరణం 180 నుంచి 300 కిలోమీటర్ల మందం ఉంటే, భారతానిది వంద కిలోమీటర్లే. గోండ్వానాను చీల్చిన అగ్నిస్తంభం (ప్రావారం లోతుల నుంచి పైకి లేచే వేడి రాతి స్తంభం) మన ఖండపు వేళ్లను కింద నుంచి కరిగించేసింది. లోతైన వేళ్లు అడ్డుపడని తేలిక తెప్ప వేగంగా సాగింది. 2011లో కాండె, స్టెగ్‌మన్ మరో మాట అన్నారు. దక్కన్ లావాను వెళ్లగక్కిన రీయూనియన్ అగ్నిస్తంభం తల ఫలకాన్ని నెట్టిందనీ, అందుకే భారత్ వేగం పెరిగిన సమయంలోనే ఆఫ్రికా నెమ్మదించిందనీ. 2015లో జాగుట్జ్, రాయ్‌డెన్‌ల బృందం మూడో జవాబు ఇచ్చింది. భారత్‌కూ ఆసియాకూ నడుమ ఒకటి కాదు, రెండు నిమజ్జన అంచులు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయనీ, రెండు తాళ్లు కట్టి లాగినట్టు లాగాయనీ.

ఈ జవాబులు ఒకదానినొకటి కొట్టేసేవి కావు. జంట లాగుడు చాలా కాలం సాగిన పరుగును బాగా వివరిస్తుంది. అగ్నిస్తంభపు నెట్టుడు దక్కన్ లావా కాలపు హఠాత్ వేగానికి సరిపోతుంది. పలచని వేళ్ల వాదం ఈ రెంటికీ దారి సుగమం చేస్తుంది. కాకపోతే, వంద కిలోమీటర్ల మందం దేశమంతటికీ వర్తిస్తుందా అన్నదాని మీద ఇంకా వాదన ఉంది. దాన్ని తేల్చవలసింది దక్కన్ మీద మరిన్ని భూకంప పరికరాలే.

సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఆసియాను తాకాక వేగం మూడో వంతుకూ అంతకన్నా కిందికీ పడిపోయింది, అయినా ప్రయాణం ఆగలేదు. నేటి ఐదు సెంటీమీటర్లలో సుమారు రెండు హిమాలయాల దగ్గర అణిగిపోతున్నాయి, మిగిలింది టిబెట్, ఆపై ప్రాంతాలు పంచుకుంటున్నాయి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌ను కూల్చిన 7.8 తీవ్రత భూకంపం ఆ అణిగిన బలం బయటపడటమే.

ఆ ఒత్తిడి ఫలకం నడుమ ఉన్న మన నేలనూ వదలదు. హైదరాబాద్‌ను భూకంప ప్రమాదం తక్కువైన జోన్ 2లో పెట్టారు, దక్కన్ రాతిగట్టు కాబట్టి భయం లేదన్న మాట ఊళ్లో తరచూ వినబడుతుంది. 1967 డిసెంబర్‌లో కొయ్‌నా, 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారి భూకంపాలు ఆ మాటను తుడిచేశాయి. కిల్లారిలో తీవ్రత 6.2, మరణాలు సుమారు పది వేలు. గోదావరి పగులులోయ వెంట 1969 ఏప్రిల్ 13న భద్రాచలం కదిలింది. 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపన హైదరాబాద్‌లోనూ తెలిసింది. సింగరేణి బొగ్గును దాచిన పగులే ఇది. పాత గాయం మీదే కొత్త ఒత్తిడి పడుతుంది.

ఫలకాల అంచు మీదే కాపురమున్న తెలుగువాళ్లకు ఈ కదలిక కంటికే కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడిన ఫ్రీమాంట్ మీదుగా హేవర్డ్ భ్రంశం పోతుంది. భూకంపం లేకుండానే అది ఏటా కొన్ని మిల్లీమీటర్లు జారుతుంది. దాని మీదున్న రోడ్ల పక్క కాలిబాట అంచులు విరిగి పక్కకు జరిగి ఉంటాయి. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భారత ఫలకపు తూర్పు అంచు చీలి లేచిన సునామీ ఆంధ్ర తీరాన్నీ తాకింది. ఆ తరవాతే హైదరాబాద్ ప్రగతినగర్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్)లో 2007 అక్టోబర్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పని మొదలుపెట్టింది.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ ఒక విన్నపం. కోడిగుడ్డు బొమ్మ చూపించడంతో ఈ పాఠాన్ని ముగించకండి. ఒక ఆదివారం పిల్లలను ఆబిడ్స్‌లో పుస్తకాల దగ్గరికి తీసుకెళ్లి, మొజంజాహి మార్కెట్ గోడ తాకించి, అక్కడి నుంచి నౌబత్ పహాడ్ ఎక్కించండి. మ్యూజియంలో కోటాసారస్ ముందు నిలబెట్టి, బయటికొచ్చాక గుట్ట రాతిని చేత్తో తడిమి చూడమనండి. నగరంలో ఇలాంటి గ్రానైటు గుట్టలను భవనాల కోసం పేల్చేస్తూనే ఉన్నారు. ఉన్నవాటిని పిల్లలకు ఇప్పుడే చూపించండి.